హాలోవీన్‌కి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి? వీధా, పార్కింగ్ లాటా, పొలమా, దెయ్యాల కొంపా?

మా అత్తయ్యగారు మొదటిసారి న్యూజెర్సీ వచ్చింది ఓ అక్టోబర్ చివర్లో. వచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, ఎదురింటి లాన్ చూసి గాభరా పడిపోయారు. గడ్డిలో నాలుగు సమాధి రాళ్ళు, మట్టిలోంచి పైకి లేచిన ఎముకల చెయ్యి, చెట్టుకి వేలాడుతున్న తెల్లగుడ్డ. "వాళ్ళింట్లో ఎవరైనా పోయారా అమ్మా? ఓసారి వెళ్ళి పలకరించి రావద్దూ?" అన్నారు. అదంతా అలంకరణ అని, ప్లాస్టిక్కని, షాపులో ఇరవై డాలర్లకి దొరుకుతుందని చెప్తే ఆవిడ ఇంకా నమ్మలేదు. "డబ్బిచ్చి మరీ దెయ్యాన్ని ఇంటికి తెచ్చుకుంటారా?"

తెచ్చుకుంటారు. పిల్లలు పుట్టాక మనమూ తెచ్చుకుంటాం. అక్టోబర్ 31న వచ్చే హాలోవీన్ అది, పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే రాత్రి. డేకేర్ నుంచి "ఫలానా రోజు కాస్ట్యూమ్ పరేడ్" అని కాగితం రాగానే మొదలవుతుంది టెన్షన్. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ప్రతి అక్టోబర్‌లోనూ కొత్తగా వచ్చిన వాళ్ళెవరో ఒకరు ఇదే అడుగుతారు: హాలోవీన్‌కి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది? పది మంది పది రకాలుగా చెప్తారు. పదకొండేళ్ళుగా ఇద్దరు పిల్లలతో ఇవన్నీ తిరిగి, చెయ్యగలిగిన తప్పులన్నీ చేశాక నాకో అభిప్రాయం ఏర్పడింది. ముందే చెప్పేస్తాను. మీ వీధిలో పిల్లలున్న ఇళ్ళు ఓ పాతిక ఉంటే, మీ వీధే అన్నిటికన్నా మంచిది. టికెట్ పెట్టి వెళ్ళేవేవీ దాని ముందు పనికిరావు. అలాంటి వీధి లేనివాళ్ళకీ, పసిపిల్లలున్న వాళ్ళకీ, చీకట్లో నడవలేని పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకీ మాత్రం మిగతావి చూడాలి. చూసేటప్పుడు పిల్లల వయసు కన్నా వాళ్ళకి భయం ఎంత అన్నది ముఖ్యం. మా పెద్దది నాలుగేళ్ళకే అస్థిపంజరానికి షేక్‌హ్యాండ్ ఇచ్చేది. చిన్నోడు తొమ్మిదో ఏట కూడా గాలి ఊదిన దెయ్యం బొమ్మ కనిపిస్తే రోడ్డు దాటేవాడు.

"ఇది దెయ్యాల పండగ కదా, మనకెందుకు?"

ఇంట్లో పెద్దవాళ్ళు ఈ మాట అంటారు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒక కథ ఉంది. ఇంతవరకూ ఫెయిల్ కాలేదు.

రెండు వేల ఏళ్ళ కిందట ఐర్లండ్ వైపు కెల్టిక్ జనం పంటల కాలం ముగిసి చలికాలం మొదలయ్యే ఈ రాత్రిని సావిన్ అనేవాళ్ళు. పోయినవాళ్ళు ఆ రాత్రి మళ్ళీ ఇటు వస్తారని నమ్మకం. తరవాత క్రైస్తవంలో నవంబర్ 1 సకల పునీతుల దినం అయింది, దాని ముందు సాయంత్రం హాలోస్ ఈవ్, అదే నలిగి నలిగి హాలోవీన్. మన మహాలయ పక్షాల్లో పెద్దలు వస్తారనుకున్నట్టే అనుకోండి. వాళ్ళకి ఒక్క రాత్రి, మనకి పదిహేను రోజులు.

గుమ్మడికాయ దీపం కథ ఇంకా దగ్గర. జాక్ అని ఐర్లండ్‌లో ఓ పిసినారి తాగుబోతు సైతానునే మోసం చేశాడట. చచ్చాక స్వర్గంలోకి రానివ్వలేదు, నరకంలోకీ రానివ్వలేదు. సైతాను జాలిపడి ఓ నిప్పుకణిక విసిరితే, దాన్ని తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని ఇప్పటికీ చీకట్లో తిరుగుతున్నాడట. ఇంతవరకూ చెప్పగానే మా అత్తయ్యగారు, "అంటే కొరివిదెయ్యమేగా!" అన్నారు. సరిగ్గా అదే. బురద నేలల మీద రాత్రిపూట కనిపించే మిణుకు వెలుగుని ఇంగ్లీషువాళ్ళు కూడా జాక్ ఓ లాంటర్న్ అనేవాళ్ళు. 1840ల్లో బంగాళాదుంప పంట కుళ్ళి కరువొచ్చినప్పుడు ఐరిష్ వాళ్ళు లక్షల్లో అమెరికా చేరారు. ఇక్కడ టర్నిప్ కన్నా పెద్దది, తొలవడానికి తేలికైనది గుమ్మడికాయ దొరికింది. ఇక మన వాళ్ళు కొత్త ఇంటి గుమ్మానికి రాక్షసుడి మొహం గీసిన బూడిద గుమ్మడికాయ ఎందుకు కడతారో నేను వేరే చెప్పక్కర్లేదు. వీళ్ళు గడప ముందు పెడతారు, మనం గడప పైన కడతాం.

వీధి నడక

పద్ధతి తెలియక మొదటి ఏడు మేం కంగారు పడ్డాం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. వాకిట్లో లైటు వెలుగుతుంటే రావచ్చని అర్థం. లైటు ఆర్పేసి ఉంటే ఆ ఇల్లు వదిలెయ్యాలి, తలుపు కొట్టకూడదు. పిల్లలు గుమ్మం దాకా వెళ్ళి "ట్రిక్ ఆర్ ట్రీట్" (మిఠాయి పెడతారా, ఆట పట్టించమంటారా) అంటారు, పెద్దవాళ్ళు వెనకాల దారిలో ఆగుతారు. ఒక ఇంటికి ఒకటో రెండో చాక్లెట్లు. గిన్నె ముందుకి చాపినా గుప్పెడు తీసుకోకూడదు. థాంక్యూ చెప్పి వెనక్కి. అంతే.

టైమ్ మాత్రం ఊరిని బట్టి మారుతుంది. చాలా చోట్ల ఆరు నుంచి ఎనిమిది. ఒహాయోలో చాలా ఊళ్ళు తమ టైమ్ తామే ప్రకటిస్తాయి, ఒక్కోసారి 31వ తేదీన కాదు కూడా. అయోవాలోని డెమోయిన్‌లో 1938 నుంచి చాలా ఏళ్ళపాటు 30వ తేదీనే బెగ్గర్స్ నైట్ పేరుతో ఇది చేసేవాళ్ళు. అక్కడ చాక్లెట్ ఊరికే ఇవ్వరు, పిల్లలు గుమ్మంలో నిలబడి ఒక జోక్ చెప్పాలి. వర్జీనియాలోని చెసపీక్‌లో 14 ఏళ్ళు దాటినవాళ్ళు ఇల్లిల్లూ తిరగకూడదని నిబంధన ఉంది. కాబట్టి మీ టౌన్ వెబ్‌సైట్ ఓసారి చూసుకోవడం మంచిది. వెలుతురు సంగతి కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. 2007 నుంచి అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పేది నవంబర్ మొదటి ఆదివారం కాబట్టి హాలోవీన్ సాయంత్రం ఇంకా పాత టైమే. అయినా న్యూజెర్సీలో ఆరు కాకుండానే పొద్దుగుంకుతుంది, డాలస్‌లో ఆరున్నర దాటాకే. మూడేళ్ళ పిల్లతో అయితే మేం ఐదున్నరకే బయల్దేరి, దీపాలు పెట్టేసరికి ఇంట్లో ఉండేవాళ్ళం.

ఇక భయాల సంగతి. మన వాళ్ళందరూ అడిగే మొదటి ప్రశ్న: "ఆ చాక్లెట్లలో ఎవరైనా ఏమైనా కలిపితే?" నాకూ ఉండేది ఆ బెంగ. జోయెల్ బెస్ట్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలన్నీ వెదికారు. ముక్కూమొహం తెలియనివాడు హాలోవీన్ చాక్లెట్‌లో విషం పెట్టి పిల్లల్ని చంపిన కేసు ఒక్కటీ ఆయనకి దొరకలేదు. 1974లో టెక్సస్‌లో ఎనిమిదేళ్ళ పిల్లాడు సైనైడ్ కలిపిన మిఠాయి పొడి తిని చనిపోయిన మాట నిజమే. అది కలిపింది కన్నతండ్రి, ఇన్సూరెన్స్ డబ్బు కోసం. ఆ నేరం ఒకరిది, అప్పట్నుంచీ అనుమానం మాత్రం పక్కింటివాళ్ళందరి మీద. రేపర్ చిరిగినవి పారెయ్యండి, అది చాలు.

అసలు ప్రమాదం కార్లు. 42 ఏళ్ళ లెక్కలు తీసి 2018లో అమెరికన్ పిల్లల వైద్య పత్రికలో వేసిన పరిశోధనలో, మామూలు సాయంత్రాల కన్నా హాలోవీన్ సాయంత్రం నడిచేవాళ్ళు కార్ల కింద పడి చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువని తేలింది. చిన్నపిల్లలకి ఇంకా ఎక్కువ. అందుకే నల్ల కాస్ట్యూమ్ మీద వెలుతురు పడితే మెరిసే టేపు అంటించండి, చేతికి మెరిసే కడియాలు వెయ్యండి, మాస్క్ బదులు మొహానికి రంగు పుయ్యండి. వీధికి రెండు పక్కలా జిగ్‌జాగ్‌గా తిరగకుండా ఒక పక్క పూర్తి చేసుకుని రెండో పక్కకి రండి. మీ పిల్లలు నడుస్తుంటే మీరు వెనకాల కారులో నెమ్మదిగా రావడం లాంటివి వద్దు. మా కాలనీలో ఏటా ఇద్దరు ముగ్గురు అలా చేస్తారు, మిగతా పిల్లలకి అదే గండం.

నాకు వీధే ఎందుకు నచ్చిందంటే, ఆరేళ్ళు ఎదురెదురుగా ఉండి "హాయ్" తప్ప మాట్లాడని ఇంటి తలుపు ఆ రాత్రే తెరుచుకుంది. ఆ ఇంటి పెద్దావిడ మా చిన్నోడి తోక ఊడిపోతే లోపలికెళ్ళి పిన్నీసు తెచ్చి పెట్టింది. మర్నాటి నుంచి వాడు ఆవిడకి పేరు పెట్టి చెయ్యి ఊపుతాడు. ఇది ఏ టికెట్‌లోనూ రాదు.

పార్కింగ్ లాట్: ట్రంక్ ఆర్ ట్రీట్

చర్చిలు, స్కూళ్ళు, కొన్ని చోట్ల మన గుళ్ళు, తెలుగు సంఘాలు కూడా చేస్తున్నాయి. పార్కింగ్ లాట్‌లో కార్లు వరసగా పెట్టి, డిక్కీలు తెరిచి, ఒక్కో డిక్కీని ఒక్కో రకంగా అలంకరిస్తారు. పిల్లలు కారు నుంచి కారుకి వెళ్తారు. అరగంటలో బుట్ట నిండిపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి, ఐదేళ్ళ లోపు పిల్లలకి, ఇళ్ళు దూరం దూరంగా ఉండే పల్లె ప్రాంతాల వాళ్ళకి ఇది మేలు. కదిలే కార్లుండవు, వెలుతురు ఉంటుంది, స్ట్రోలర్ తోసుకోవచ్చు, పైగా సాధారణంగా 31కి ముందు వారాంతంలో పెడతారు కాబట్టి మర్నాడు స్కూలు గొడవ లేదు. లోపం ఏమిటంటే ఇందులో "ఏ తలుపు తెరుచుకుంటుందో" అనే ఉత్కంఠ ఉండదు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు రెండో వరస కార్లు వచ్చేసరికి విసుక్కుంటారు. మీకు వాలంటీర్‌గా డిక్కీ పెట్టమని పిలుపొస్తే మాత్రం వదులుకోకండి. మేం ఓసారి డిక్కీలో నల్లగుడ్డ పరిచి, ఎండుకొమ్మకి అట్టముక్కతో చేసిన భేతాళుడిని వేలాడదీశాం. వచ్చిన అమెరికన్ పిల్లలకి మా పెద్దది, "వీడు ప్రశ్న అడుగుతాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది" అని వివరిస్తుంటే లైన్ ఆగిపోయింది. మాల్స్‌లో చేసేది కూడా ఉంది. వాన పడితే తప్ప దాని గురించి చెప్పడానికేం లేదు.

పొలం: గుమ్మడి తోట, మొక్కజొన్న చేను

దెయ్యాలూ అవీ వద్దు, కానీ పిల్లలు స్కూల్లో బిక్కమొహం వెయ్యకూడదు అనుకునేవాళ్ళకి ఇదే దారి. ట్రాక్టర్ వెనక గడ్డిమోపుల మీద కూచోబెట్టి తోటలోకి తీసుకెళ్తారు, కాయ మీరే కోసుకోవచ్చు, మొక్కజొన్న చేలో దారి తప్పి తిరగవచ్చు, వేడి ఆపిల్ సైడర్ తాగవచ్చు. ఊళ్ళో పెరిగిన తాతగారికి ఇది మిగతా అన్నిటికన్నా నచ్చుతుంది. మా మామయ్యగారు గుమ్మడి పాదు పక్కన గొంతుక్కూచుని ఆకు తిప్పి చూసి, "బూడిద తెగులు పట్టింది, అయినా కాపు బాగానే ఉంది" అని రైతుకి తెలుగులోనే చెప్పి వచ్చారు.

అక్టోబర్ శని ఆదివారాలు మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి. పార్కింగ్‌కి గంట, బాత్రూమ్‌కి గంట. వారం మధ్యలో నాలుగింటికి వెళ్తే చాలా పొలాల్లో టికెట్ కూడా తక్కువ. మేం ఓ ఆదివారం వెళ్ళి నలుగురికి ప్రవేశానికి, గాడిదకి గడ్డి పెట్టడానికి, కాయలకి కలిపి వంద డాలర్లు దాటించాం. అంతంత కాయలే మా కిరాణా షాపు బయట ఆరు డాలర్లకి ఉన్నాయి. చేతిలో కాయ ఉండాలంటే షాపు, బూట్లకి మట్టి అంటాలంటే పొలం. చీకటి పడ్డాక అవే పొలాలు కొన్ని "హాంటెడ్ హే రైడ్" (దెయ్యాలు భయపెట్టే గడ్డిబండి సవారీ) పేరుతో నడుస్తాయి, టికెట్ కొనేముందు అది పగటిదా రాత్రిదా చూసుకోండి.

దెయ్యాల కొంపలు, థీమ్ పార్కులు

ఇక్కడే మేం ఘోరంగా దెబ్బతిన్నాం. పెద్దదానికి ఎనిమిదేళ్ళప్పుడు, "ఇది ధైర్యవంతురాలు" అనే నమ్మకంతో దగ్గర్లోని ఓ హాంటెడ్ హౌస్‌కి తీసుకెళ్ళాం. గేటు దగ్గర పిల్లకి టికెట్ ఇస్తారా అని అడిగితే, "మీ ఇష్టం" అన్నారు. అదే సమ్మతి అనుకున్నాం. మూడో గదిలో రంపం శబ్దం వచ్చేసరికి దాని గోళ్ళు నా మోచేతిలో దిగాయి. ఎమర్జెన్సీ తలుపు లోంచి బయటికొచ్చాం. మూడు వారాలు బాత్రూమ్ లైటు ఆర్పనివ్వలేదు. అస్థిపంజరంతో షేక్‌హ్యాండ్ వేరు, చీకట్లో మనిషి మీదికి దూకడం వేరు అని నాకు తట్టలేదు. బొమ్మ కదలదని పిల్లకి తెలుసు. మనిషి ఏం చేస్తాడో తెలియదు.

కాబట్టి ఈ రకంలో ఎంచుకునేటప్పుడు "మనుషులు మీదికి వస్తారా?" అన్నది ఒక్కటి అడగండి. యూనివర్సల్ పార్కుల్లో జరిగే హాలోవీన్ హారర్ నైట్స్ పెద్దవాళ్ళ కోసం, 13 ఏళ్ళ లోపు వాళ్ళకి తగదని వాళ్ళే చెప్తారు. కాస్ట్యూమ్ వేసుకుని వెళ్తే లోపలికి రానివ్వరు కూడా. ఫ్లోరిడా డిస్నీలో మిక్కీ నాట్ సో స్కేరీ పార్టీ దానికి పూర్తి వ్యతిరేకం. పరేడ్, బాణసంచా, దారి పొడుగునా చాక్లెట్లు, పిల్లలూ పెద్దలూ వేషాలు వేసుకోవచ్చు. కాకపోతే మామూలు పార్కు టికెట్ దీనికి పనికిరాదు, దీని టికెట్ వేరే, తలకి వంద డాలర్లు దాటుతుంది. నలుగురి ఖర్చుతో మీ వీధి మొత్తానికి నాలుగేళ్ళు చాక్లెట్లు పంచవచ్చు.

హైస్కూల్ పిల్లలకైతే నేను ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షరీ చెప్తాను. 1829లో తెరిచి 1971లో మూసేసిన నిజం జైలు అది. ఖైదీల్ని ఒంటరి గదుల్లో ఉంచితే పశ్చాత్తాపం వస్తుందని కట్టారు. హాలోవీన్ రోజుల్లో రాత్రిపూట భయపెట్టే ప్రదర్శనలుంటాయి, పగలు మామూలు టూర్ ఉంటుంది. చిన్నవాళ్ళతో వెళ్తే పగటి టూరే చాలు. పెచ్చులూడిన ఆ గోడలకి మేకప్ అక్కర్లేదు. మసాచుసెట్స్‌లోని సేలం వెళ్దామని కూడా చాలామంది అంటారు. 1692లో మంత్రగత్తెలనే నెపంతో అక్కడ 19 మందిని ఉరితీశారు, ఒకాయన్ని బండరాళ్ళ కింద నలిపి చంపారు. చూడదగ్గ ఊరే, కానీ అక్టోబర్‌లో కాదు, జనం తప్ప ఏమీ కనిపించదు. సెప్టెంబర్‌లో వెళ్ళండి. మన ఊళ్ళలో చేతబడి పేరుతో ఇప్పటికీ జరిగేవి తలుచుకుంటే పిల్లలతో అక్కడ మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

అన్నిట్లోకీ మధ్యస్థంగా, జూలో చేసే "బూ ఎట్ ద జూ" నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి బాగుంటుంది.

ఇంట్లోనే ఉండి పంచడం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఈ పని వాళ్ళకి అప్పగించండి. మామయ్యగారు గరాజ్ ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో స్టీలు బేసిను పెట్టుకుని, వచ్చిన ప్రతి పిల్లాడినీ "హూ ఆర్ యూ?" అని అడిగేవారు. "స్పైడర్‌మాన్" అంటే అనుమానంగా చూసి, "ప్రూఫ్?" అనేవారు. వాళ్ళు చేతులు చాపి గూడు విసిరినట్టు చేస్తే అప్పుడు చాక్లెట్. మా వీధి పిల్లలు మర్నాటి ఏడు "ప్రూఫ్ తాతయ్య ఎక్కడ?" అని అడిగారు. గిన్నె బయట పెట్టేసి "ఒక్కటే తీసుకోండి" అని చీటీ అంటించడం కన్నా ఇది వంద రెట్లు నయం. చీటీ పెట్టిన సంవత్సరం రాత్రి ఏడుంపావుకే బేసిను ఖాళీ అయిపోయింది.

ఏం కొనాలి అన్నది మన ఇళ్ళలో రెండు వైపులా ఆలోచించాలి. పంచడానికేమో మిక్స్ బ్యాగులు, వంద పైచిలుకు ఉన్నది ఇరవై పాతిక డాలర్లకి హోల్‌సేల్ షాపుల్లో దొరుకుతుంది, అక్టోబర్ మొదట్లో కొంటే బేరం, 30న కొంటే మిగిలింది తీసుకోవాలి. మన పిల్లలు తెచ్చుకునేదాన్ని మాత్రం శాకాహార ఇళ్ళలో ఏరుకోవాలి. స్టార్‌బర్స్ట్, గమ్మీ బేర్లు, మార్ష్‌మెలో, క్యాండీ కార్న్‌లలో జెలటిన్ ఉంటుంది, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసింది. స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కెటీర్స్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. గుడ్డు కూడా తినని ఇళ్ళవాళ్ళకి ఈ సంగతి చాలామందికి తెలియదు. హెర్షీ, కిట్ క్యాట్, స్కిటిల్స్, ట్విజ్లర్స్ తీసుకోవచ్చు. తయారీ మారుతుంటుంది కాబట్టి వెనక చిన్నక్షరాలు చదవండి. మా ఇంట్లో ఆ రాత్రి హాల్లో దుప్పటి పరిచి మార్కెట్ పెడతాం. పిల్లలు తమకి పనికిరానివి నాకు అమ్ముతారు, నేను మా ఆఫీసుకి పట్టుకెళ్తాను. నాలుగేళ్ళ లోపు వాళ్ళ వాటాలోంచి గట్టి బిళ్ళలు ముందే తీసెయ్యండి, గొంతుకి అడ్డం పడతాయి.

వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలు అమెరికాలో చాలామంది. గుమ్మంలో నీలం ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ కనిపిస్తే, ఆ ఇంట్లో తినేవి కాక స్టిక్కర్లు, పెన్సిళ్ళు లాంటివి కూడా ఇస్తారని గుర్తు. టెనెసీలో మొదలై 2014లో దేశమంతా పాకింది. మేం రెండేళ్ళుగా పెడుతున్నాం. అలర్జీ లేని పిల్లలు కూడా మెరిసే గాజుల కోసం ఆ గిన్నెలోనే చెయ్యి పెడుతున్నారు.

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి. గుమ్మం మెట్ల మీద ప్రమిదలు వరసగా పెట్టాను, పక్కనే గుమ్మడికాయ. బాగుందని మురిసిపోతుండగా ఓ బుల్లి డ్రాక్యులా వంగి చాక్లెట్ తీసుకుంటుంటే వాడి కేప్ అంచు ప్రమిదని ఊడ్చుకుంటూ పోయింది. వాళ్ళమ్మ లాగేసింది కాబట్టి సరిపోయింది. వెంటనే అన్నీ కిటికీ అరుగు మీదికి ఎక్కించి, మెట్ల మీద బ్యాటరీ దీపాలు పెట్టాను. 2026లో దీపావళి నవంబర్ 8, కాబట్టి ఈ చిక్కు లేదు.

వేషం: కొనాలా, కుట్టాలా?

కొనండి. లేదా అన్నదమ్ముల పిల్లల దగ్గర అడిగి తెచ్చుకోండి. అట్టపెట్టె, రంగులు, జిగురుతో రాత్రి పన్నెండు దాకా కూచునే ఓపిక మీకుంటే అది మీ సరదా కోసం. పిల్లలకి అడిగిన పాత్ర దొరికితే చాలు. ఒక సైజు పెద్దది తీసుకోండి, లోపల స్వెట్‌షర్ట్ పట్టాలి. చలి కాబట్టి పైన జాకెట్ వెయ్యమంటే ఫ్రోజెన్ సినిమాలో ఎల్సా వేషం వేసుకున్న పిల్ల ఏడుస్తుంది.

ఒక్క ఏడు మాత్రం మేం కుట్టించాం. మా చిన్నోడు ఘటోత్కచుడు అవుతానన్నాడు. మామయ్యగారు థర్మోకోల్‌తో గద చేశారు, అత్తయ్యగారు పాత పట్టుచీర అంచుతో నడికట్టు కుట్టారు. స్కూలు పరేడ్‌లో గదని ఆయుధం కింద లెక్కేసి ఆపేశారు. చాలా స్కూళ్ళు కత్తులు, తుపాకులు, పూర్తి మాస్కులు ఒప్పుకోవు. రూల్స్ కాగితం ముందే చదువుకోవాల్సింది. సాయంత్రం వీధిలో మాత్రం గదే హీరో. వేషం కట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మనకి కొత్తేం కాదని ఆ రోజు అత్తయ్యగారే అన్నారు. వాళ్ళ చిన్నప్పుడు పగటివేషగాళ్ళు వస్తే చేటలో బియ్యం పోసేవాళ్ళట.

గుమ్మడికాయ: చెక్కడమా, రంగెయ్యడమా?

చెక్కితే అందం, కానీ మూడు నుంచి ఏడు రోజుల్లో కుళ్ళుతుంది. రంగేస్తే నెలరోజులుంటుంది, ఆరేళ్ళ లోపు పిల్లలు తామే చెయ్యగలరు. చెక్కేట్టయితే 29కి ముందు మొదలుపెట్టకండి. మేం ఓసారి 20న చెక్కి మురిశాం, 26కి నోరు లోపలికి ముడుచుకుపోయి పళ్ళులేని తాతలా తయారైంది, మర్నాడు ఉడత మిగతాది చూసుకుంది. వంటింటి కత్తి వద్దు, జారి చేతిలోకి దిగుతుంది. ఐదారు డాలర్లకి సన్న రంపంతో కిట్ దొరుకుతుంది. మూత పైన కోసే బదులు అడుగున కోస్తే గుజ్జు తియ్యడం తేలిక, దీపం మీద బోర్లించడమే. లోపల మాత్రం బ్యాటరీ దీపం.

గింజలు కడిగి ఆరబెట్టి ఉప్పు, కారం, కాస్త నూనె పట్టించి అవెన్‌లో వేయించండి. ఆ పెద్ద కాయ గుజ్జుతో మాత్రం పులుసు పెట్టకండి, నీళ్ళూ పీచే. పులుసుకి పక్కనే చిన్నవి షుగర్ పంప్‌కిన్ అని ఉంటాయి, అవి మన గుమ్మడికి దగ్గరగా ఉంటాయి.

సరదా భయాలు

31 రాత్రి వాన పడితే ఇంట్లోనే చెయ్యడానికి పాత ఐరిష్, స్కాటిష్ ఆటలున్నాయి. ఆపిల్ తొక్క తెగకుండా ఒకే పట్టీగా తీసి భుజం మీదుగా వెనక్కి విసిరితే, కింద పడ్డ ఆకారం కాబోయేవాడి పేరులో మొదటి అక్షరమట. మా పెద్దది విసిరినప్పుడల్లా 'సి' అక్షరమే వస్తుంది, తొక్క ఎలా పడినా 'సి'లాగే ఉంటుంది కదా. నీళ్ళ టబ్బులో తేలే ఆపిల్‌ని చేతులు కట్టుకుని పళ్ళతో పట్టుకోవడం ఇంకొకటి. ఐర్లండ్‌లో బార్మ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్ష రొట్టెలో ఉంగరం, నాణెం పెడతారు, ఉంగరం వచ్చినవాళ్ళకి పెళ్ళి, నాణెం వచ్చినవాళ్ళకి డబ్బు.

మా ఇంట్లో అన్నిటికన్నా హిట్టయింది మాత్రం మనదే. తొంభైల్లో మన ఊళ్ళలో గోడల మీద, తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు, గుర్తుందా? రాత్రి తలుపు తట్టే దెయ్యం అది చదివి వెనక్కి వెళ్ళిపోయి, మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదివి మళ్ళీ వెళ్తుందని. పిల్లలకి ఆ కథ చెప్పాను. ప్రతి అక్టోబర్ 31న వాకిట్లో ఎర్ర చాక్‌పీసుతో ఆ నాలుగు మాటలు వాళ్ళే రాస్తారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని రాసేది ఏడాదిలో ఆ ఒక్కరోజే కావడం నాకు వేరే బెంగ. మా వీధి చివర కొత్తగా దిగిన తెలుగు కుటుంబం అది చదివి గేటు దగ్గరే ఆగి పడీపడీ నవ్వారు. "మరి మేం ఇవాళే రావచ్చా అండీ?" అని అడిగిందావిడ.

2026లో 31 శనివారం పడింది. మర్నాడే గడియారం గంట వెనక్కి. అంటే జనం ఎక్కువ, రాత్రి పొడుగు. మామూలుగా కొనేదానికి ఇంకో సంచీ చాక్లెట్లు కలిపి తెచ్చుకోండి, కార్లని ఐదింటికే డ్రైవ్‌వేలోకి ఎక్కించెయ్యండి.